8వ ఛానల్ ఒక్కటే ఎందుకు రాలేదు

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో మా ఇల్లు. ఇక్కడి ప్రధాన టీవీ ఛానళ్ల టవర్లు దక్షిణాన సీడర్ హిల్‌లో, సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్నాయి. కిటికీకి అంటించిన పల్చటి యాంటెనాతో మిగతావి శుభ్రంగా వస్తుంటే, 8వ ఛానల్ మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోయి మాట తెగిపోయేది. పాతకాలంలో అయితే చుక్కల మధ్య బొమ్మయినా కనిపించేది.

కారణం ఫ్రీక్వెన్సీ. మిగతా పెద్ద ఛానళ్లు 470 మెగాహెర్ట్జ్‌కు పైన, యూహెచ్ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీల పట్టీలో ఉంటే, ఇది 180–186 మెగాహెర్ట్జ్ మధ్య, వీహెచ్ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీల పట్టీలో ఉంది. ఆ తరంగం పొడవు దాదాపు 1.6 మీటర్లు, కిటికీకి అంటించిన ఆ చిన్న యాంటెనాకు సరిగా చిక్కదు. సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ తగిలిస్తే సిగ్నల్‌తోపాటు రొద కూడా పెరిగింది. యాంటెనా అట్టపెట్టెల మీద ఇన్ని మైళ్ల దూరం నుంచి అందుకుంటుందని రాసే లెక్కలను నేనైతే నమ్మను.

రెండు చువ్వల మామూలు యాంటెనా తెచ్చి, ఒక్కో చువ్వను 40 సెంటీమీటర్లకు లాగి, టవర్ల దిక్కుకు అడ్డంగా పరిచాను. అటక మీద పెట్టలేదు. ఎండవేడి ఆపడానికి పైకప్పు కింద వేసిన అల్యూమినియం పొర సిగ్నల్‌నూ ఆపేస్తుంది. ఛానళ్లను మళ్లీ వెతికించాక 8 వచ్చింది. సాయంత్రాలు మాత్రం ఇంకా తడబడేది. వంటింటి ఎల్ఈడీ బల్బు ఆర్పగానే కుదురుకుంది. సిగ్నల్‌ను చెడగొడుతున్నది అదే. బల్బు మార్చేశాను.