వీల్ నట్లు ఎంత బిగించాలి, ఎలా బిగించాలి

రెండేళ్ల క్రితం విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక, రాత్రి పదకొండు గంటలప్పుడు కారు వెనక టైరు పంక్చర్ అయింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్టు మాత్రం కదల్లేదు. అంతకు నెల ముందు కొత్త టైర్లు వేయించిన షాపులో ఎయిర్ గన్‌తో బిగించారు, ఒక్కో నట్టు మీద గన్ అలా దడదడలాడుతూనే ఉంది, పక్కనే ఉన్న నేను గట్టిగా బిగిస్తున్నారు మంచిదే కదా అనుకున్నాను. ఆ రాత్రి పానా మీద ఎక్కి నిలబడితే మూడు నట్లు వచ్చాయి, నాలుగోది స్టడ్‌తో, అంటే నట్టు ఎక్కే మర కడ్డీతో సహా తెగిపోయింది. కారులో అమ్మ, ఇద్దరు పిల్లలు, పక్కనుంచి లారీలు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దని ఇది రాస్తున్నాను.

ముందు నట్టు చేసే పని తెలియాలి. నట్టు బిగిస్తుంటే లోపలి స్టడ్ కంటికి కనపడనంత కొద్దిగా సాగుతుంది, సాగిన స్ప్రింగు వెనక్కి లాగినట్టు అది చక్రాన్ని హబ్‌కి, అంటే చక్రం వెనక స్టడ్లు ఉండే ఇనుప భాగానికి అదిమి పట్టుకుంటుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే బండి బరువునీ బ్రేకు దెబ్బనీ మోస్తుంది. బిగింపు తక్కువైతే రిమ్ము హబ్ మీద కదులుతుంది, రంధ్రాలు అరిగి పెద్దవవుతాయి, స్టడ్లు రోజూ వంగి వంగి ఒకరోజు తెగుతాయి. ఎక్కువైతే స్టడ్ మళ్లీ వెనక్కి రానంతగా సాగిపోతుంది, అప్పుడు దానికి లాగే సత్తువే ఉండదు. ఒకటి తక్కువ ఒకటి ఎక్కువగా ఉన్నా నష్టమే, బ్రేకు డిస్కు ఒక పక్కకి లాగబడి, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ వణకడం మొదలవుతుంది.

ఎంత బిగించాలన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, పక్కింటి కారు లెక్క మీకు పనికిరాదు. ఈ బిగింపుని (టార్క్) న్యూటన్ మీటర్లలో కొలుస్తారు, చాలా టొయోటా కార్లకి 103 న్యూటన్ మీటర్లు, మిగతా కార్లలో ఎక్కువ శాతం 80 నుంచి 130 మధ్య ఉంటాయి. కేజీ మీటర్లలో ఇస్తే దాన్ని 9.8తో గుణించండి.

ఇక పని. నేల చదునుగా ఉన్నచోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టండి. జాకీ ఎత్తకముందే, టైరు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు లూజు చేయాలి. చక్రం తీశాక చాలామంది వదిలేసే పని ఒకటుంది, హబ్ ముఖం మీదా, రిమ్ము వెనకా ఉన్న తుప్పునీ మట్టినీ వైరు బ్రష్‌తో గీకడం. ఆ తుప్పు పొర మధ్యలో ఉండగా బిగిస్తే, నాలుగు రోజులు తిరిగేసరికి అది నలిగిపోయి నట్టు లూజవుతుంది.

స్టడ్ మరలకి ఆయిల్ గానీ గ్రీజు గానీ రాయొద్దు. ఈసారి ఊడదీయడానికి సులువుగా ఉంటుందని కొన్ని షాపుల్లో రాస్తారు, కానీ కంపెనీ ఇచ్చే లెక్క సాధారణంగా పొడి మరలకి ఇచ్చింది. నూనె ఉంటే అదే బలానికి నట్టు ఇంకా ముందుకెళ్లి స్టడ్‌ని చాలా ఎక్కువ లాగేస్తుంది.

నట్టుకి ఏటవాలు వైపు ఉంటే అది రిమ్ము వైపు ఉండాలి. కొన్ని టొయోటా అలాయ్ చక్రాలకి వాషర్‌తో ఉన్న చదును నట్లు వస్తాయి, వాటినీ ఏటవాలు వాటినీ ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. బయట అలాయ్‌లు కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగండి. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి, బిగుసుగా అనిపిస్తే మర అడ్డంగా ఎక్కుతోందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి.

వరుసగా గుండ్రంగా బిగించకండి. నాలుగు నట్లైతే ఒకటి, దానికి ఎదురుది, తర్వాత మిగిలిన జంట. ఐదైతే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు. చక్రం గాల్లో ఉండగా పానాతో కొద్దిగా పట్టించి, టైరు నేలకి ఆనేదాకా జాకీ దించి, అప్పుడు సగం లెక్కకి ఒక రౌండు, పూర్తి లెక్కకి ఇంకో రౌండు వేయండి. దీనికి టార్క్ రెంచ్ వాడాలి, అంటే మనం పెట్టిన లెక్కకి బిగింపు చేరగానే టక్ అనే పానా. దాన్ని కుదుపు లేకుండా నెమ్మదిగా లాగాలి, టక్ అనగానే ఆపాలి. గ్యారంటీ కోసమని రెండుసార్లు టక్ అనిపించొద్దు. దాంతో నట్లు ఊడదీయొద్దు, వాడాక లెక్కని అతి తక్కువకి తిప్పి దాచండి. మారుతి కార్లకి ఎక్కువగా 19, హ్యుందాయ్, టొయోటాలకి 21 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది.

రెంచ్ లేనప్పుడు, అంటే రోడ్డు మీద, ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. పానా పొడవు 25 సెంటీమీటర్లుంటే, చివర 40 కేజీల బరువు వేసినట్టు చేత్తో నొక్కితే దాదాపు 98 న్యూటన్ మీటర్లు వస్తుంది. అదే 70 కేజీల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర ఎక్కి నిలబడితే 200 దాటిపోతుంది, దాదాపు రెట్టింపు. కాబట్టి కాలితో తొక్కడం, పైపు తొడిగి లాగడం బిగించేటప్పుడు అస్సలు వద్దు, ఇంటికొచ్చాక రెంచ్‌తో సరిచూసుకోండి.

షాపులో మాత్రం ముందే చెప్పండి, "అన్నా, గన్‌తో కొద్దిగా పట్టించి వదిలెయ్, ఫైనల్‌గా రెంచ్‌తో బిగిద్దాం" అని. నేనడిగిన చోట ఎవరూ కాదనలేదు. ఎందుకు ముందే అంటే, గన్ ఇప్పటికే అతిగా బిగించేసిన నట్టు మీద రెంచ్ పెడితే అది కూడా టక్ అంటుంది, అన్నీ సరిగ్గా ఉన్నాయనిపిస్తుంది. అనుమానముంటే ఒక్కో నట్టు లూజు చేసి మళ్లీ మొదటినుంచి బిగించాల్సిందే.

చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, చక్రాలు చల్లారాక మళ్లీ అదే లెక్కతో చూడండి. కొత్త అలాయ్‌లకి ఇది ఇంకా ముఖ్యం. ఏదైనా నట్టు టక్ అనకుండా తిరుగుతూనే ఉంటే మర పోయిందనో స్టడ్ సాగిందనో అర్థం, ఆ స్టడ్ మార్చేదాకా బండి తీయొద్దు. నడుపుతున్నప్పుడు కొత్తగా స్టీరింగ్ వణికినా, చక్రం దగ్గర టక్‌టక్ శబ్దం వచ్చినా, ఇల్లు దగ్గరే కదా అని లాగించకుండా పక్కకి ఆపి దిగి నట్లు చూడండి.