ఉద్యోగం మానకుండా ఎంబీఏ: ఫీజు కట్టే ముందు జాగ్రత్తలు

- యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే సరిపోదు. ఈ ఏడాది, ఆ కోర్సుని దూరవిద్యలో నడపడానికి అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో మీరే వెతకండి, ఏజెంట్ ఫోన్‌లో చూపించే కాగితాన్ని మాత్రం నమ్మొద్దు.
- డెబ్ ఐడీ (దూరవిద్యలో చేరే విద్యార్థికి ఆ బ్యూరో సైట్‌లో వచ్చే గుర్తింపు సంఖ్య) మీరే తీసుకోండి.
- పరీక్ష కేంద్రం ఎక్కడో అడగండి. అమలాపురం నుంచి విశాఖ వెళ్లాలంటే ఒక పేపరుకి రెండు రోజుల సెలవు పోతుంది.
- మేనేజరుకి ముందే చెప్పండి.
- చదివే వేళ ఇప్పుడే తేల్చుకోండి. భీమవరంలో రొయ్యల ప్లాంటు నుంచి నేను ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది, పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి, అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, చెరువుల్లో ఏరేటర్ల చప్పుడు వింటూ అకౌంట్స్ లెక్కలు చేశాను.
- దాళ్వా (రెండో పంట వరి) కోతల నెలలో ఇంట్లో పనులుంటే అసైన్‌మెంట్లు ముందే రాసేయండి.