పసుపు కాగితం ఎర్రబడేలా చేసిన విధం

పసుపు పట్టించిన కాగితం క్షారం తగిలితే ఎర్రబడుతుందని మా అమ్మాయి బడిలో చూపవలసిన ప్రయోగం మొదట కుదరలేదు. నీళ్లలో కలిపిన పసుపు కాగితం మీద మరకలు మరకలుగా నిలిచింది, వంటసోడా నీళ్లు వేసినా రంగు కాస్త ముదిరిందే తప్ప ఎరుపు తేలలేదు.

పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం నీటిలో దాదాపు కరగదు కనుక, పొయ్యికి దూరంగా కూర్చుని, చిటికెడు పసుపును రెండు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో (ఇది తేలిగ్గా అంటుకునే ఆల్కహాల్, కుర్కుమిన్ ఇందులో కరుగుతుంది) కలిపి, తేరిన తరువాత పైనున్న తేటలో మందపాటి టిష్యూ కాగితపు ముక్కలను ముంచి నీడన ఆరబెట్టాను. రంగు సమంగా పట్టింది.

రెండో చిక్కు సోడాది. దాని ద్రావణం పీహెచ్ (క్షారగుణం ఎంత ఎక్కువైతే అంత పెరిగే కొలత) సుమారు 8.3 మాత్రమే, కుర్కుమిన్ రంగు మారడం ఆ పరిసరాల్లోనే మొదలవుతుంది. అందువల్ల పీహెచ్ 12 దాకా ఉండే సున్నపు తేటను వాడాను. ఒక్క చుక్క వేయగానే, దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగు కాగితం మీద గుండ్రంగా విచ్చుకుంది. దానిపైనే నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరిగింది. ఎర్రనీళ్లలో జరిగేదీ ఇదే చర్య అని చెప్పినప్పుడు అమ్మాయికి ప్రయోగం కన్నా ఆ మాటే ఎక్కువ నచ్చినట్టుంది.

సున్నం కంట పడితే ప్రమాదం గనుక ఆ చుక్క పెద్దవాళ్లే వేయాలి. మిగిలిన కాగితాలు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో దాచాను.