గజలక్ష్మి తలుపుకి నాలుగైదు రిలీఫ్‌లు (ఉబ్బెత్తు బొమ్మలు) ఒకే కార్వింగ్‌లో కలపడం ఎలా

టేకు మెయిన్ డోర్ మీద గజలక్ష్మి చేయాలంటే అమ్మవారు, ఏనుగు, తామర చాలాసార్లు విడివిడి ఎస్‌టీఎల్ ఫైళ్లుగా (3డీ మోడల్ ఫైళ్లు) దొరుకుతాయి, వాటిని ఆస్పైర్ అనే సీఎన్‌సీ కార్వింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవాలి. ఏనుగు ఒక్కటి చాలు, మిర్రర్ కొడితే రెండోది వచ్చేస్తుంది.

ముందు హైట్లు చూసుకోండి, అసలు పని ఇదే. ఒక్కో మోడల్ ఒక్కో ఎత్తుతో వస్తుంది కదా, అలాగే పెట్టేస్తే ఏనుగు తొండం అమ్మవారి ముఖం కంటే పైకి లేచి చూడ్డానికి అస్సలు బాగోదు. నేనైతే మొత్తం 12 ఎంఎం అనుకుంటే అమ్మవారికి పూర్తిగా ఇచ్చేసి, ఏనుగులకి 8, వెనక తామరలకి 4 ఇస్తా.

తర్వాత కంబైన్ మోడ్, అంటే ఒక మోడల్ ఇంకోదానితో ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్. ఆడ్ పెడితే ఒకదాని ఎత్తు మీద ఇంకోటి కూర్చుంటుంది, మెడలో హారం లాంటివాటికి అదే కరెక్ట్. తొండం కలశానికి తగిలే చోట మాత్రం మెర్జ్ పెట్టండి, అక్కడ ఏది ఎత్తుగా ఉంటే అదే మిగులుతుంది. నేను ఒకసారి అక్కడ ఆడ్ వదిలేశా, పెద్ద బొడిపె లేచి మంచి చెక్క పాడైపోయింది, ఇప్పటికీ బాధేస్తుంది.

కటింగ్‌కి 6 ఎంఎం ఎండ్ మిల్‌తో (చదును మొన బిట్) రఫింగ్, అంటే ఎక్కువ చెక్క తీసేయడం, 3 ఎంఎం బాల్ నోస్‌తో (గుండ్రటి మొన బిట్) ఫినిషింగ్. ఫినిషింగ్‌లో స్టెప్‌ఓవర్, అంటే బిట్ ఒక్కో గీతకి పక్కకి జరిగే దూరం, బిట్ వ్యాసంలో 10 శాతం దాటనివ్వకండి.