జత కలిపే ముందు ప్రొపెల్లర్ విప్పండి

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానంలోని కొత్త రిసీవర్‌ను మన చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో జత కలపడానికి నిమిషం కూడా పట్టదు. దీన్నే బైండింగ్ అంటారు. బటన్ నొక్కి పట్టుకుంటాం, రిసీవర్ మీది చిన్న దీపం మిణుకుమిణుకుమంటుంది, కాసేపటికి నిలకడగా వెలుగుతుంది. పనైపోయిందనుకుంటాం. నిజానికి ఆ దీపం చెప్పేది ఒక్కటే: ఇకమీదట ఈ రిసీవర్ ఈ ట్రాన్స్‌మిటర్ మాట మాత్రమే వింటుందని. గాలిలో ఉండగా ఆ మాట వినబడకపోతే విమానం ఏం చేస్తుందో అది చెప్పదు. అది మనం నేల మీదే తేల్చుకోవాలి. బైండింగ్ జాగ్రత్తలన్నింటిలో నేను ఎక్కువ పట్టుబట్టేది దీని గురించే.

అన్నిటికన్నా ముందు ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి. ‘ఒక్క నిమిషం పనే కదా’ అనుకున్నప్పుడే వేళ్లు తెగుతాయి. విద్యుత్ విమానాల్లో రిసీవర్‌కు కరెంటు సాధారణంగా మోటారును నడిపే ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) నుంచే వస్తుంది. రిసీవర్‌ను మేల్కొలిపితే మోటారునూ మేల్కొలిపినట్టే. 1000 కేవీ (అంటే వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటారుకు మూడు సెల్స్ ఉన్న 11.1 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తగిలిస్తే, భారం లేనప్పుడు అది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ బిగిస్తే వేగం తగ్గుతుంది గానీ ప్రమాదం తగ్గదు. విప్పిన నట్టు, వాషరు ఒక చిన్న డబ్బాలో వేసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అంకెలు ముద్రించిన వైపు విమానం వెళ్లే దిశకు ఉండాలి. ఇంధనంతో నడిచే ఇంజన్ అయితే దాన్ని ఆపి ఉంచే ఈ పని చేయాలి.

తర్వాత, రిసీవర్, ట్రాన్స్‌మిటర్ రెండూ ఒకే భాష మాట్లాడతాయా అన్నది చూసుకోండి. రెండింటి మీదా 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన అవి కలవవు. స్పెక్ట్రమ్‌ది డీఎస్‌ఎమ్‌ఎక్స్, ఫుటాబాది ఎస్‌-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రొటోకాల్. ఒకే కంపెనీలోనూ రెండు మూడు రకాలు ఉంటాయి. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో వ్యవస్థ వాడేవాళ్లు రెండు వైపులా ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ప్రధాన వెర్షన్ ఒకటేనా అని చూడాలి. ఒకవైపు 2, మరోవైపు 3 ఉంటే ఎంతసేపు ప్రయత్నించినా కలవవు. అందులో బైండింగ్ పదబంధం, అంటే రెండింటినీ కలిపే గుర్తు మాట, పెట్టుకునేటప్పుడు ఎవరికైనా తట్టే మాట పెట్టవద్దు. అదే మాట మరొకరూ పెట్టుకుంటే వాళ్ల ట్రాన్స్‌మిటర్ మీ విమానాన్ని తనదనుకుంటుంది.

ఈ పని ఇంట్లో, తీరికగా చేసుకోవడం మంచిది. నలుగురూ విమానాలు ఎగరేస్తున్న మైదానంలో హడావిడిగా కూర్చుని చేయవలసిన పని కాదు. అదే సమయంలో పక్కవారు కూడా బైండింగ్ చేస్తుంటే మీ రిసీవర్ వాళ్ల ట్రాన్స్‌మిటర్‌కు జత కావచ్చు. ట్రాన్స్‌మిటర్‌ను రిసీవర్‌కు ఆనించి పెట్టవద్దు, మీటరు దూరమైనా ఉంచండి. మరీ దగ్గరైతే సిగ్నల్ తీవ్రతకు రిసీవర్ ఉక్కిరిబిక్కిరై జత కలవదు. చాలామంది ఇక్కడే రిసీవర్ పాడైందని నిరాశపడతారు. చుట్టుపక్కల పెద్ద లోహపు వస్తువులు లేకుండా చూడండి. యాంటెన్నా బిగించకుండా ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్‌ను మాత్రం ఎప్పుడూ ఆన్ చేయవద్దు. బయటకు పోవలసిన శక్తి వెనక్కి మళ్లి లోపలి భాగాలను కాల్చేయగలదు. బైండ్ ప్లగ్ (బైండింగ్ కోసం రిసీవర్‌కు గుచ్చే చిన్న ప్లగ్) వాడే రకమైతే పని కాగానే దాన్ని తీసేయడం గుర్తుంచుకోండి, లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు రిసీవర్ తిరిగి బైండింగ్‌లోకే వెళ్తుంది.

ఇక అసలు విషయం, ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగిపోయినప్పుడు ఒక్కో ఛానల్‌కు (మోటారు, రెక్క, తోక లాంటి ఒక్కో భాగానికి ఆజ్ఞ వెళ్లే దారికి) రిసీవర్ ఏ ఆజ్ఞ ఇవ్వాలో ముందే దాచిపెట్టుకునే ఏర్పాటు ఇది. కొన్ని రిసీవర్లు చివరిగా విన్న ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. సగం థ్రాటిల్‌లో, అంటే మోటారు సగం వేగంలో, ఉండగా సిగ్నల్ పోతే, సగం థ్రాటిల్‌తోనే విమానం ఎటో వెళ్లిపోతుంది. థ్రాటిల్ విషయంలో దీన్ని ఒప్పుకోకూడదు. సిగ్నల్ పోతే మోటారు ఆగాలి, అంతే. మరికొన్ని రిసీవర్లు బైండింగ్ జరిగిన క్షణంలో థ్రాటిల్ ఎక్కడ ఉందో దాన్నే ఫెయిల్‌సేఫ్‌గా రాసుకుంటాయి. అందుకే థ్రాటిల్ స్టిక్ పూర్తిగా కింద ఉంచి బైండింగ్ చేయమని మాన్యువల్‌లో రాస్తారు.

స్టిక్ కింద ఉంచినంత మాత్రాన సరిపోదని నాకు ఒక సాయంత్రం తెలిసింది. రిసీవర్ రాసుకునేది స్టిక్ ఉన్న చోటును కాదు, ట్రాన్స్‌మిటర్ పంపిన విలువను. ఆ రోజు మాన్యువల్ చెప్పినట్టే స్టిక్ కింద ఉంచి బైండింగ్ చేశాను. తర్వాత చూస్తే థ్రాటిల్ దిశ తలకిందులుగా ఉంది, ఈఎస్‌సీ బీప్ బీప్ అంటూ మోటారును తిరగనివ్వడం లేదు. మెనూలోకి వెళ్లి థ్రాటిల్‌ను రివర్స్ చేశాను. అన్నీ చక్కగా పనిచేశాయి. స్టిక్ పైకి తోస్తే మోటారు తిరిగింది, కిందకు దించితే ఆగింది. చివరగా పరీక్ష కోసం ట్రాన్స్‌మిటర్ ఆపాను. ఒక క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే మోటారు ఒక్క ఉదుటున పూర్తి వేగం అందుకుంది. బల్ల అదిరింది, దాని మీది స్క్రూడ్రైవర్ దొర్లి కింద పడింది. ట్రాన్స్‌మిటర్‌ను తిరిగి ఆన్ చేసేదాకా అది ఆగలేదు. రివర్స్ చేయక ముందు ‘కింద’ అని రాసుకున్న విలువ, రివర్స్ చేశాక ‘పూర్తి వేగం’ అయింది. ప్రొపెల్లర్ అప్పుడు పక్కనున్న డబ్బాలో ఉంది. అది షాఫ్ట్ మీద ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

కాబట్టి ఇలాంటి రిసీవర్లతో ఈ వరుస పాటించండి: మొదట ఒకసారి బైండింగ్, తర్వాత రివర్స్, ట్రావెల్ (భాగం ఎంతవరకు కదలాలన్నది) లాంటి సెట్టింగులన్నీ పూర్తిచేయడం, ఆపైన మరోసారి బైండింగ్. ఫెయిల్‌సేఫ్‌ను మెనూలో విడిగా పెట్టుకునే రకమైతే రెండోసారి బైండింగ్ అక్కరలేదు గానీ, సెట్టింగులు ముగిశాకే అది పెట్టండి. ఎలా పెట్టినా పరీక్ష ఒకటే. ప్రొపెల్లర్ లేకుండా మోటారును నెమ్మదిగా తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. మోటారు ఆగాలి. ఆగకపోతే ఆ విమానం గది దాటకూడదు.

ఛానళ్ల వరుస మరో చిక్కు. కొన్ని ట్రాన్స్‌మిటర్లలో మొదటి ఛానల్ థ్రాటిల్, మరికొన్నింటిలో మొదటిది ఐలరాన్ (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలక), మూడోది థ్రాటిల్. ఇది సరిచూడకుండా తీగలు గుచ్చితే ఐలరాన్ కదిపినప్పుడు మోటారు స్పందిస్తుంది. తీగలు సరిగ్గా పెట్టాక విమానం వెనుక నిలబడి దిశలు చూడండి. స్టిక్ కుడికి కదిపితే కుడి ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందకు వంగాలి. ఎలివేటర్ స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) వెనుక అంచు పైకి లేవాలి. ‘కదులుతోంది’ అనుకుని సరిపెట్టుకోవద్దు, ఎటు కదులుతోందో పైకి అనుకుంటూ చూడండి. గైరో (విమానం వంగితే తనంతట తానే సరిదిద్దే పరికరం) ఉంటే ఇంకో పరీక్ష: విమానాన్ని చేత్తో కుడికి వంచితే, స్టిక్ ముట్టుకోకుండానే కుడి ఐలరాన్ కిందకు దిగాలి. ఇది తలకిందులుగా ఉన్న విమానం గాల్లోకి లేవగానే తిరగబడుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో చాలా మోడళ్లు దాచుకున్నవాళ్లు తెర మీది పేరు చదివి, ఇదే విమానం అని నిర్ధారించుకున్నాకే బ్యాటరీ తగిలించాలి.

యాంటెన్నాల గురించి కొద్దిగా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. రిసీవర్ తీగ చివర పైపొర లేకుండా కనిపించే 31 మిల్లీమీటర్ల ముక్క అందులో నాలుగో వంతు. సిగ్నల్‌ను నిజంగా పట్టేది ఆ ముక్కే. దాన్ని కత్తిరించవద్దు, మడవవద్దు, బ్యాటరీ కింద నొక్కవద్దు. రెండు యాంటెన్నాలు ఉంటే ఒకదానికొకటి లంబంగా అమర్చండి. కార్బన్ ఫైబర్ విమానమైతే వాటి కొసలు బయటకు రావాలి, ఆ పదార్థం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది.

మైదానంలో మొదటిసారి ఎగరేసే ముందు రేంజ్ పరీక్ష తప్పనిసరి. ట్రాన్స్‌మిటర్ మెనూలో శక్తిని తగ్గించే రేంజ్ చెక్ ఉంటుంది. విమానాన్ని ఎవరైనా వెనుక నుంచి గట్టిగా పట్టుకోవాలి, మీరు సుమారు 30 అంగలు వేసి దూరం జరిగి స్టిక్‌లన్నీ కదిపి చూడాలి. ఒకసారి మోటారు ఆపి, మరోసారి నడుపుతూ చూడండి. మోటారు ఆగి ఉన్నప్పుడు బాగుండి, నడిచినప్పుడు సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) వణికితే ఈఎస్‌సీ తీగలు, రిసీవర్ మరీ దగ్గరగా ఉన్నాయేమో చూడాలి. పరీక్ష అయ్యాక శక్తిని మామూలు స్థితికి తెచ్చారో లేదో మరోసారి చూసుకోండి.

ఆన్ చేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత విమానం. ఆపేటప్పుడు ముందు విమానం, తర్వాత ట్రాన్స్‌మిటర్. ఫర్మ్‌వేర్ మార్చినా, రిసీవర్ మార్చినా, ఏ కారణంతో మళ్లీ బైండింగ్ చేసినా, పాత ఫెయిల్‌సేఫ్ అలాగే ఉందని అనుకోవద్దు. ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపి మళ్లీ చూడండి.