కాలువ గట్టు బొమ్మ: కాన్‌స్టబుల్ దగ్గర ఆకుపచ్చ నేర్చుకోవడం

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన ‘హే వెయిన్’ (గడ్డిబండి) తైలవర్ణ చిత్రంలో ఏముంది? స్టౌర్ నదిలో నిలిచిన బండి, ఒడ్డున ఇల్లు, చెట్లు, దూరంగా పొలాలు. బందరు కాలువ మీద, కొమ్మమూరు కాలువ మీద మనకూ దొరికేవే. గట్టున స్కెచ్ మాత్రం వేసుకుని నూనెరంగులు ఇంట్లో వేయండి. ఆయనా అసలు బొమ్మ లండన్ స్టూడియోలోనే వేశారు. ఉదయం ఎనిమిదిలోపు వెళ్లండి. ఎండ నెత్తికెక్కితే నీడలు కురచబడి చెట్లు చదునుగా కనిపిస్తాయి.

16×20 అంగుళాల కాన్వాస్ మీద బర్న్ట్ సియన్నాను (ఎర్రమట్టి రంగు) టర్పెంటైన్‌తో పల్చగా పూసి గుడ్డతో తుడవండి. రెండు రోజులు ఆరనివ్వండి, తడి మీద ఆకుపచ్చ పెడితే బురదే.

ఎక్కువమంది చెడగొట్టేది ఆకుపచ్చనే. ట్యూబులో తయారుగా వచ్చే ఆకుపచ్చ, సాప్ గ్రీన్, నేరుగా పూస్తే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. తన పచ్చికలకు ఆ నిగ్గు రకరకాల ఆకుపచ్చల వల్లే వచ్చిందని కాన్‌స్టబుల్ అన్నట్టు ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా డైరీలో రాసుకున్నారు. అందుకే కుంచె పట్టకముందే నాలుగు కుప్పలు కలుపుకోండి. అల్ట్రామెరైన్ నీలం ఒక పాలు, ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) రెండు పాళ్లు కలిపితే తుమ్మచెట్టు ముదురు. అందులో కాస్త బర్న్ట్ సియన్నా వేస్తే ఎండ తగిలిన కొబ్బరి మట్ట. మొదటి కుప్పలోనే తెలుపు ఎక్కువ వేస్తే దూరపు పొలం. లెమన్ ఎల్లోలో ప్రష్యన్ బ్లూ కలిపితే వరినారు. ఈ నీలం మహా ఘాటు, ఆవగింజంత చాలు. వీటిని చిన్న మచ్చలుగా పక్కపక్కనే పెట్టి వదిలేయండి. రుద్దారంటే నాలుగూ ఒకటైపోతాయి. మధ్యమధ్య అడుగున పూసిన ఎర్రమట్టి రంగు తొంగిచూడాలి, దానివల్లే ఆకు సజీవంగా ఉంటుంది.

మబ్బుల స్కెచ్ వెనక కాన్‌స్టబుల్ తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకునేవారు. మీరూ రాసుకోండి. నీటిలో చెట్టు నీడ చెట్టు కన్నా కొంచెం లేతగా, ఆకాశం కొంచెం ముదురుగా ఉండాలి.

‘హే వెయిన్’ గుర్రాల జీనులో ఎరుపు ఉంటుంది. మీ బొమ్మలో ఎడ్లబండి ఉంటే ఎడ్ల మెడపట్టెడకు గోరంత ఎరుపు పెట్టి చూడండి, చుట్టూ ఉన్న ఆకుపచ్చ ఇట్టే వెలుగుతుంది.

కింది పొరల్లో లిన్సీడ్ నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ వాడండి. తిరగేస్తే కింది పొర ఆరేలోపే పైది గట్టిపడి పగులుతుంది. చివరగా తెల్ల చుక్కలు. వారం ఆరాక, వానాకాలమైతే ఇంకా ఆగి, పొడి కుంచెతో ఆకుల తూర్పు అంచున, నీటి అలల మీద మాత్రమే తాకించండి. అంతటా చల్లితే బొమ్మ మీద పిండి రాలినట్టుంటుంది.