ఆగస్టులో చూసిన ఊరు జనవరిలో ఉండదు: చలి, ఎండ, ముసురు ఊళ్లకు కొత్తగా వచ్చేవారికి

ఫాల్ సెమిస్టర్‌కి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఆగస్టులోనే అమెరికాలో దిగుతారు. చిక్కంతా అక్కడే. ఆగస్టులో మినియాపొలిస్ మన అరకులా హాయిగా ఉంటుంది. సియాటిల్ అయితే చెప్పక్కర్లేదు, చెమట పట్టని ఎండ, రాత్రి ఎనిమిదైనా వెలుతురు. ఫీనిక్స్‌లో మాత్రం ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకోగానే ఇటుకల బట్టీ ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఇక మొదటి వారమే వాట్సాప్ గ్రూపులో ఒకడు "మా ఊరు కేక" అంటాడు, ఇంకొకడు "ఇక్కడికెందుకు వచ్చాన్రా" అని ఏడుస్తాడు. జనవరి వచ్చేసరికి ఇద్దరూ మాట మార్చేస్తారు.

నేను ఈ మూడు చోట్లా ఉన్నాను. మినియాపొలిస్‌లో నాలుగేళ్లు, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మూడేళ్లు, ఇప్పుడు సియాటిల్ దగ్గర. ఏ ఊరు మంచిదని అడిగితే నేను చెప్పేది ఇది: చలిని చూసి మనవాళ్లు అవసరానికి మించి భయపడతారు, ఎండను చూసి అసలు భయపడరు. వాన ఊరి గురించి అందరూ గొడుగు కొనుక్కోమంటారు గానీ, అక్కడి అసలు బాధ వాన కాదు.

ముందు ఫారెన్‌హీట్ అలవాటు చేసుకోండి. 32 దగ్గర నీళ్లు గడ్డకడతాయి, 50 అంటే మన 10 డిగ్రీలు, 68 అంటే 20, 86 అంటే 30, 104 అంటే 40. ఈ అయిదు గుర్తుంటే చాలు. మైనస్ 40 రెండు కొలతల్లోనూ ఒకటే, కానీ అక్కడిదాకా వెళ్తే లెక్కలు వేసుకునే ఓపిక ఉండదు.

చలి ఊళ్లు

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 33 సెల్సియస్. ఆ రోజు ఆ ఊరున్న మిన్నెసోటా రాష్ట్రంలో పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. ఇలాంటిది ఏటా రాదు. మామూలు జనవరిలో పగలు మైనస్ 5, రాత్రి మైనస్ 13 సెల్సియస్ దగ్గర ఉంటుంది. వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా 'విండ్ చిల్', అంటే గాలితో కలిపి ఒంటికి తెలిసే చలి, కూడా చూడండి. చెవులు, ముక్కు, వేళ్ల కొసలు ఆ అంకెనే లెక్కలోకి తీసుకుంటాయి. అది మరీ కిందికి పోయిన రోజున పావుగంట ఒళ్లు కప్పుకోకుండా బస్సు కోసం నిలబడితే చర్మం దెబ్బతినొచ్చు.

మన ఊళ్లో చలికాలంలో టిబెటన్ల దగ్గర కొన్న స్వెటర్లు ఒకటి చాలు, మిగతావి సూట్‌కేస్ బరువుకే. ఆ జాగాలో రెండు కిలోల కందిపొడి తెచ్చుకోండి. అసలు జాకెట్, బూట్లు ఇక్కడికొచ్చాకే కొనాలి. ఒంటికి అంటుకునే థర్మల్స్, పైన ఫ్లీస్, ఆ పైన గాలి దూరని జాకెట్, ఇలా మూడు పొరలు. లోపలి పొర మాత్రం కాటన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, దాంతో చలి రెట్టింపవుతుంది. చేతులకు అయిదు వేళ్ల గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ వెచ్చన. బూట్లు ఉన్ని సాక్సుతో వేసుకుని చూసి, అర సైజు పెద్దవి తీసుకోండి. 'బ్లాక్ ఐస్' అంటే కంటికి కనపడని పల్చటి మంచు పొర. దాని మీద చిన్న అడుగులు వేస్తూ బాతులా నడవాలి. సిగ్గుపడకండి, అందరూ అలాగే నడుస్తారు.

ఒక విషయం ఎవరూ చెప్పరు. చలికాలం కిటికీలన్నీ మూసి ఉంటాయి కదా, అప్పుడు పోపు వేస్తే ఆ ఇంగువ వాసన వెళ్లి జాకెట్‌లో కూర్చుంటుంది. జాకెట్‌ను రోజూ ఉతకలేం. మొదటి ఏడాది ఆఫీసు లిఫ్టులో నా పక్కన నిలబడినావిడ ముక్కు ఎగబీల్చి చుట్టూ చూస్తే, గుత్తి వంకాయ నా ఒంటి మీద నుంచే వస్తోందని నాకు అర్థమైంది. వంట మొదలుపెట్టే ముందు జాకెట్లన్నీ క్లాజెట్‌లో పెట్టి తలుపు వేయండి.

పెరుగు తోడుకోదు. ఇడ్లీ పిండి పొంగదు. కొబ్బరినూనె సీసాలో రాయిలా ఉంటుంది. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచితే పొద్దుటికి పెరుగూ తోడుకుంటుంది, పిండీ పులుస్తుంది. లోపల గిన్నె ఉందని తలుపు మీద చీటీ అంటించండి. మా రూమ్‌మేట్ చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడిచేసి, ప్లాస్టిక్ డబ్బాతో సహా పిండిని బేక్ చేశాడు.

అద్దె ఇంట్లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా వేడి 68 డిగ్రీలకు తగ్గకూడదని మిన్నెసోటా చట్టం చెబుతుంది. హీటర్ పనిచేయకపోతే దుప్పట్లు కప్పుకుని సర్దుకోకుండా ఇంటి ఓనరుకు మెయిల్ పెట్టండి. డిసెంబరులో ఇండియా వెళ్తూ బిల్లు కలిసొస్తుందని హీటర్ ఆపేసి వెళ్లేవాళ్లున్నారు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి, పైపులు పగిలి, కింద వాటా వాళ్ల సీలింగ్ తడిసిపోతుంది. 55 దగ్గర పెట్టి వెళ్లండి.

కారుంటే వాషర్ ఫ్లూయిడ్ చలికి గడ్డకట్టని రకం పోయించండి. పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. డిక్కీలో చిన్న పార, దుప్పటి ఉండాలి. మంచులో కూరుకున్న కారు స్టార్ట్ చేసే ముందు వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే ఆ పొగ లోపలికే వస్తుంది. భారీగా మంచు కురిసిన రోజు సిటీవాళ్లు 'స్నో ఎమర్జెన్సీ' అంటారు. ఏ రోజు ఏ వీధిలో ఏ వైపు కారు ఉండకూడదో చెబుతారు. నేను ఆ మెసేజ్ చదవకుండా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కారు స్థానంలో కారు ఆకారంలో నల్లటి తారు రోడ్డు కనపడింది. తప్పు నాదే, కానీ ఆ జరిమానా తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనం అనుకుంటాం. మిన్నెసోటాలో ఉగాది పచ్చడి తింటూ కిటికీలోంచి మంచు చూడటం మామూలే. అయినా ఆ ఊరు చలితో బతకడం నేర్చుకుంది. డౌన్‌టౌన్‌లో భవనాల రెండో అంతస్తుల్ని కలుపుతూ సుమారు 15 కిలోమీటర్ల స్కైవే ఉంది. ఆ భవనాల్లోనే ఇల్లూ ఆఫీసూ ఉంటే చొక్కా మీదే తిరిగిరావచ్చు.

ఎండ ఊళ్లు

"మాది రెంటచింతల, మాకు ఎండ కొత్తా?" అని ఫీనిక్స్‌లో ఒక కుర్రాడు నాతో అన్నాడు. జులై రెండో వారంలో మధ్యాహ్నం సైకిల్ మీద గ్రోసరీకి వెళ్లి, దారిలో కళ్లు తిరిగి పడిపోయాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఫీనిక్స్‌లో ఆ రోహిణి కార్తె జూన్‌లో మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. 2023లో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్ పైనే. 2024లో వరసగా 113 రోజులు వంద దాటింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ లెక్కల ప్రకారం 2023లో వేడి కారణంగా 645 మంది చనిపోయారు. అదే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ఇది మన కోస్తా ఉక్కపోత కాదు, పొడి వేడి. చెమట పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. దాహం వేసేదాకా ఆగకండి. సీసాడు మజ్జిగలో ఉప్పేసి బ్యాగులో పెట్టుకోండి. వేసవిలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. ఎండలో ఆగి ఉన్న కారులో సీటు బెల్టు బకిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. స్టీరింగ్ మీద కప్పడానికి ఒక తువ్వాలు ఉంచుకోండి. పిల్లల్ని "రెండు నిమిషాలే" అని కారులో వదలడం ఎక్కడా చేయకూడదు, ఇక్కడ అసలే వద్దు. కారు బ్యాటరీలు కూడా వేడికి త్వరగా పోతాయి.

అందుకే ఇల్లు వెతికేటప్పుడు నేను ముందు చూసేది ఏసీ, తర్వాత బస్టాపు దూరం. మా అపార్ట్‌మెంట్‌లో ఒక జులైలో ఏసీ ఆగిపోయింది. అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే రెండు రోజులు "రేపు వస్తారు" అన్నారు. మేం కొత్తవాళ్లం, రూల్స్ తెలియవు, తడి దుప్పటి కప్పుకుని పడుకున్నాం. మూడో రోజు పక్కింటి పెద్దాయన, ఇలాంటి వాటికి సిటీ నిబంధనలుంటాయి, చదివి రాతపూర్వకంగా అడగమన్నాడు. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు. ఫీనిక్స్ సిటీలో అయితే ఏసీ ఉన్న అద్దె ఇల్లు 82 డిగ్రీలకు మించకూడదు, స్వాంప్ కూలర్ ఉన్నదైతే 86కి. లీజు మీద సంతకం పెట్టేముందు ఉన్నది ఏసీయా, కూలరా అడగండి. కూలర్ అంటే మన గడ్డి కూలర్ లాంటిదే, వానలు పడే రోజుల్లో పెద్దగా పనిచేయదు.

అవును, వానలూ ఉన్నాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా అక్కడివాళ్లు కూడా 'మాన్‌సూన్' అనే అంటారు. ఏడాది మొత్తం పడేది మాత్రం ఏడంగుళాలు, అనంతపురంలో పడేదాంట్లో మూడో వంతు. కానీ పడినప్పుడు ఒక్కసారే పడుతుంది, ముందు దుమ్ము గోడలా లేచి వస్తుంది. అప్పుడు రోడ్డు దిగి కారు ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీయండి. వెనకవాడు మీ లైట్లు చూసి అదే దారి అనుకుని వచ్చి గుద్దకుండా. అడ్డం పెట్టిన బారికేడ్ దాటి నీళ్లలోకి కారు పోనిస్తే, కాపాడిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేసే చట్టం ఉంది. జనం దానికి పెట్టుకున్న పేరు 'స్టుపిడ్ మోటరిస్ట్ లా'.

ఇంత చెప్పానుగానీ, నవంబరు నుంచి మార్చి దాకా ఫీనిక్స్‌ను మించిన ఊరు నేను చూడలేదు. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేయగలిగింది ఈ మూడింట్లో ఆ ఊళ్లోనే. వేసవిలో కూడా వడియాలు పెడితే పొద్దున పెట్టినవి సాయంత్రానికి గలగలమంటాయి. ఇండియాకు ఫోన్ చేసేవాళ్లకు ఇంకో సుఖం. ఫీనిక్స్ ఉన్న అరిజోనాలో గడియారం ముందుకూ వెనక్కూ తిప్పరు, ఏడాదంతా తేడా పన్నెండున్నర గంటలే.

టెక్సస్ వెళ్లేవాళ్లకు ఒక్క మాట. డల్లాస్ వేడి ఊరని దుప్పట్లు తెచ్చుకోని వాళ్లు 2021 ఫిబ్రవరిలో నానా పాట్లు పడ్డారు. డల్లాస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, రాష్ట్రంలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఏం జరిగినా ఆ పని చేయకండి. అలాగే అక్కడ వసంతంలో వడగళ్లు కార్లను సొట్టలు పెడతాయి, ఇన్సూరెన్స్‌లో ఇలాంటి నష్టానికి డబ్బిచ్చే 'కాంప్రిహెన్సివ్' భాగం తీసేసి డబ్బు ఆదా చేయకండి.

ముసురు ఊరు

సియాటిల్‌లో ఏడాదికి పడేది 38 అంగుళాల దగ్గర. విశాఖపట్నం కన్నా ఎక్కువేం కాదు, న్యూయార్క్ కన్నా తక్కువ. కాకపోతే అది సుమారు 150 రోజులకు పరుచుకుని పడుతుంది. కుండపోత అరుదు, అంతా ముసురే. గొడుగు వాడితే కొత్తవాళ్లని ఇట్టే పోల్చుకుంటారు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ కొనండి.

నన్ను పడగొట్టింది వాన కాదు, చీకటి. డిసెంబరు మూడో వారంలో పొద్దున ఎనిమిదికి తెల్లవారి, సాయంత్రం 4:20కి పొద్దు గుంకుతుంది. మధ్యలో ఉన్న ఎనిమిదిన్నర గంటలూ మబ్బే. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది. మినియాపొలిస్‌లోనూ పగలు చిన్నదే, కానీ మంచు మీద ఎండ పడి కళ్లు చెదిరిపోతాయి. ఇక్కడ మొదటి నవంబరులో నాకు ఏ కారణం లేకుండా పని మీద విసుగు, పదింటికే నిద్ర, పొద్దున లేవాలంటే ఏడుపు. ఇండియాలో ఉద్యోగం వెతుక్కోవాలా అని కూడా ఆలోచించాను. డాక్టరు రక్త పరీక్ష చేయించి విటమిన్ డి బాగా తక్కువుందన్నారు. మన ఒంటి రంగుకు ఆ విటమిన్ తయారవడానికి ఎండ ఎక్కువ కావాలి. అక్టోబరులోనే పరీక్ష చేయించుకోండి. పదివేల లక్స్ (వెలుతురు కొలత) దీపం ఒకటి కొని, పొద్దున కాఫీ తాగేటప్పుడు అరగంట ఎదురుగా పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాన పడుతున్నా సరే ఒక చుట్టు నడవండి. దిగులు వారాల తరబడి వదలకపోతే "హోమ్‌సిక్‌లే" అని కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో బూజు చూసుకోవాలి. తడి బట్టలు బెడ్‌రూమ్‌లో తాడు కట్టి ఆరేయడం మానేయండి. స్నానం అయ్యాక అరగంట బాత్‌రూమ్ ఫ్యాన్ తిరగాలి, పొద్దున కిటికీ అద్దాల చెమ్మ తుడవాలి. తడి చెంచా పెడితే ఆవకాయ ఏ ఊళ్లోనైనా పాడవుతుంది, ఇక్కడ ఇంకా తొందరగా. ఏసీ గురించి కూడా అడగండి. 2019 నాటికి ఈ ప్రాంతంలో సగం ఇళ్లకు కూడా ఏసీ లేదు. రెండేళ్లకే, 2021 జూన్ 28న, 108 ఫారెన్‌హీట్ కొట్టింది.

అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు టికెట్లు కొనేముందు నెల చూసుకోండి. మినియాపొలిస్‌కైతే జూన్ నుంచి సెప్టెంబరు, ఫీనిక్స్‌కైతే నవంబరు నుంచి మార్చి, సియాటిల్‌కైతే జులై నుంచి సెప్టెంబరు. మా అమ్మను నేను సెలవులు కలిసొస్తాయని నవంబరులో సియాటిల్ పిలిచాను. నాలుగున్నరకే దీపం పెట్టేసి, "ఇంకేం పని చేయాలిరా?" అని సోఫాలో కూర్చునేది. మూడో వారానికి తిరుగు ప్రయాణం ముందుకు జరపమంది. తర్వాతిసారి జులైలో తీసుకొచ్చాను. రాత్రి తొమ్మిదైనా ఎండ పోలేదని సంధ్యదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక గడియారం కేసి చూస్తూ కూర్చుంది, కానీ వెళ్లే మాట ఎత్తలేదు.